మనిషి ఎక్కడ పడుకుంటే అక్కడ లెక్క

మే 3, 2010, సోమవారం

మెడలో బిళ్ళ, భుజాన నల్ల సంచి, సంచిలో రెండు డజన్ల పెన్సిళ్ళు. అరవై ఒకటో ఏట నేనూ గవర్నమెంటు ఉద్యోగినయ్యాను. పదేళ్ళకోసారి దేశం తన మనుషుల్ని లెక్కపెట్టుకుంటుంది కదా, టార్బెట్ కౌంటీలో ఉత్తరం వైపు సగం నా వంతుకి వచ్చింది. మార్చిలో పోస్టులో వచ్చిన ఫారం నింపి పంపని మహానుభావులందరి ఇళ్ళకీ వెళ్ళి, గుమ్మంలో నిలబడి, అడిగి, నేనే నింపుకు రావాలి.

కౌంటీ అంటే ఏముంది, గడ్డి. ఏడొందల చదరపు మైళ్ళ ఇసక దిబ్బలు, దిబ్బల మీద గడ్డి, గడ్డిలో ఆవులు. పోయినసారి లెక్కలో మనుషులం ఐదువందల ఆరుగురం. ఆవులు ముప్ఫై వేల పైమాటే. ఆవుల్ని లెక్కపెట్టడం హాయి. చెవికి నంబరుంటుంది, ఎదురు మాట్లాడవు.

ఇవాళ ఎనభై మైళ్ళు తిరిగి మూడిళ్ళు చేశాను. దారి అడిగితే ఒక్కడూ రోడ్డు నంబరు చెప్పడు. "హ్రుస్కా వాళ్ళ ఇంటి దగ్గర ఎడమకి తిరుగు" అంటాడు. హ్రుస్కా వాళ్ళు వెళ్ళిపోయి ముప్ఫై ఆరేళ్ళయింది. ఇల్లు కూడా కూలిపోయింది, గాలిమర కాళ్ళు రెండు మిగిలాయి. ఇక్కడ ఇంటికి పాతవాళ్ళ పేరే, వాళ్ళు చచ్చి మట్టిలో కలిసినా సరే. మా ఇంటిని ఇప్పటికీ బాస్లీ వాళ్ళ ఇల్లంటారు. నేనూ వెండెల్ ముప్ఫై ఎనిమిదేళ్ళ నుంచి కాపురం ఉంటున్నాం అందులో.

వెండెల్ ఫిబ్రవరి నుంచి స్వెన్సన్ వాళ్ళ ఇంట్లో ఉంటున్నాడు. ఆవులు ఈనేది అక్కడే, రోజూ ముప్ఫై నాలుగు మైళ్ళు తిరగలేక. ఈసారి ఆలస్యంగా ఈనుతున్నాయి. అవగానే వచ్చేస్తాడు.

మా ఫారం కూడా పంపలేదు ఇంకా. ఫ్రిజ్ మీద ఉంది. ఆయన వచ్చాక ఇద్దరం కూర్చుని నింపుదామని.

మే 5

గాలి. ఒకే ఒక్క ఇల్లు. మూడు గేట్లు తీసుకుంటూ వేసుకుంటూ వెళ్తే ఎవరూ లేరు. మళ్ళీ మూడు గేట్లు.

మే 11

ఇళ్ళలో ఏం చెప్పారో బయట పెట్టనని చెయ్యెత్తి ప్రమాణం చేశాను. అందుకని హార్లన్ ఇంట్లో ఎంతమందో రాయను. కానీ హార్లన్ వాకిట్లో నిలబడి అరిచిన అరుపులు పక్క కౌంటీ దాకా వినిపించి ఉంటాయి గనుక అవి రాయొచ్చు.

"మా పెద్దాణ్ణీ చిన్నాణ్ణీ కూడా రాసుకో" అన్నాడు.

"వాళ్ళిద్దరూ ఒమాహాలో ఉన్నారు కదయ్యా."

"ఉంటే? వాళ్ళ మంచాలు ఇక్కడే ఉన్నాయి. చూస్తావా?"

"నేను మంచాల్ని లెక్కపెట్టడానికి రాలేదు హార్లన్. మనిషి ఎక్కడ పడుకుంటే అక్కడ లెక్క."

"ఐదొందల కిందకి పడిపోతే మనల్ని మ్యాపులోంచి చెరిపేస్తారు, తెలుసా? నీ పెన్సిలు కొసన ఇద్దరు మనుషులు నీకు బరువైపోయారా?"

"ఒమాహాలో వాళ్ళ గుమ్మంలో నాలాంటిది ఇంకొకత్తె నిలబడి రాస్తోంది. ఒక మనిషిని రెండుసార్లు రాస్తే అది లెక్క కాదు, దొంగతనం."

గొణుక్కున్నాడు. వెళ్ళేటప్పుడు హార్లన్ పెళ్ళాం వచ్చి బండి కిటికీలోంచి గాజు గిన్నె ఒకటి లోపల పెట్టింది. బంగాళాదుంపలు, మాంసం, పైన చీజు. గిన్నె అడుగున తెల్ల టేపు మీద వాళ్ళ పేరు. నా చెయ్యి పట్టుకుని "వేడి చేసుకు తిను ఆర్డిస్, వండుకోబుద్ధి కాదులే" అంది. నాకెందుకు వండుకోబుద్ధి కాదు? ఇక్కడ ఇలాంటి గిన్నెలు ఎవరైనా పోతే ఇస్తారు. ఎవరు పోయారని?

మే 14

నా జాబితాలో ఇవాళ్టి చివరి నంబరు స్వెన్సన్ వాళ్ళ ఇల్లు. స్వెన్సన్ వాళ్ళు పంతొమ్మిది వందల అరవై ఒకటిలో వెళ్ళిపోయారు. మనవరాలెవరో డెన్వర్‌లో ఉంది, ఆ గడ్డి మేపుకోవడానికి మాకు ఇస్తుంది.

రోడ్డు మీంచే చూసి 'ఖాళీ' అని రాసేశాను. ఖాళీయే కదా. ఆవులు ఈనేటప్పుడు నాలుగు రోజులు కాపలా పడుకుంటే అది కాపురమవుతుందా? పని మీద వెళ్ళినవాణ్ణి ఇంటి దగ్గరే లెక్కెయ్యాలి. రూలు పుస్తకంలో ఉంది. రెండుసార్లు చదివాను.

లోపలికి వెళ్ళలేదు. ఆయన పనిలో ఉంటాడు, ఎందుకు కదపడం.

మే 22, శనివారం

ఇవాళ మా దూడలకి ముద్రలు వేశారట.

నాకు ట్విలా చెప్పింది, పెట్రోలు కోసం వీలాక్ వెళ్తే. ట్విలాది వీలాక్‌లో ఉన్న ఒకే ఒక్క హోటలు. నన్ను చూసి "నువ్విక్కడున్నావేంటి" అంది. అనేసి నాలిక్కరుచుకుంది. ముప్ఫై మందికి భోజనం వాళ్ళ హోటలు నుంచి స్వెన్సన్ వాళ్ళింటికి వెళ్ళిందట. బండిలో వేసుకుని, అట్టపెట్టెల్లో.

ఇనుము కాల్చి దూడల ఒంటి మీద ముద్రలు వేసే రోజున చుట్టుపక్కల వాళ్ళందరూ గుర్రాలేసుకుని సాయం వస్తారు, డబ్బు తీసుకోరు. బదులుగా ఆ ఇంటి ఆడది వండి పెడుతుంది. ముప్ఫై ఏడేళ్ళు వండాను. వడగళ్ళు పడిన ఏడు వండాను, మా అమ్మని పూడ్చిన మూడో రోజున వండాను. ఈ కౌంటీ పుట్టిన దగ్గర్నుంచీ ముద్రల భోజనం అట్టపెట్టెల్లో తిన్నవాళ్ళు లేరు.

నాకు లెక్కల పనుందని నన్ను కష్టపెట్టడం ఎందుకనుకుని ఉంటాడు. మనసులో మాట పైకి చెప్పే రకం కాదు కదా. అదే అయ్యుంటుంది. మంచి ఆలోచనే. ఒక్క ముక్క ఫోనులో చెప్పి ఏడిస్తే ఏం పోయింది అనేదే నా బాధ.

మే 24

మంచి ఆలోచనేం కాదు. ఒళ్ళు మండిపోతోంది.

జూన్ 2

వంటగదిలో ఇప్పుడు పరాయి గిన్నెలు ఆరు. ఏ ఇంటికి వెళ్ళినా ఇదే గోల. పెన్సిలు తీసేలోపు గిన్నె తీస్తారు. అందరూ గొంతు తగ్గించి మాట్లాడతారు, నాకేదో జ్వరం వచ్చినట్టు. ఎమిల్ సాస్ అని తొంభై ఏళ్ళ ముసలాయన ఉన్నాడు, పుట్టి బుద్ధెరిగి ఎవరికీ మంచినీళ్ళిచ్చిన పాపాన పోలేదు, ఆయన నాకు రెండు గుడ్లు కాగితంలో చుట్టి ఇచ్చాడు.

"ఎందుకివి?" అన్నాను.

"ఉంచమ్మా. నా పెళ్ళాం పోయినప్పుడు నాకు ఎనిమిది నెలలు ఏం తినాలో తెలీలేదు."

"మీ ఆవిడ పోయింది ఎమిల్ గారూ. నాకెవరూ పోలేదు."

"అవునవును" అన్నాడు. అంటూ బండి దాకా వచ్చి తలుపు తీసి పట్టుకున్నాడు.

వెండెల్‌కి ఫోను చేశాను. ఈనడం అయిపోయింది కదా ఎప్పుడొస్తున్నావు అన్నాను. కంచె బాగుచెయ్యాలన్నాడు. కంచె అయ్యాక? గడ్డి కోతలొస్తాయన్నాడు. గడ్డి అయ్యాక అని అడగలేదు. నేనడక్కపోతే ఆయన ఏమైనా అంటాడేమోనని ఊరుకున్నాను. ఆయన కూడా ఊరుకున్నాడు. ఇద్దరం ఫోను పట్టుకుని కూర్చున్నాం. నోట్లో నాలుక లేని మనిషిని కట్టుకుంటే ఇంతే.

జూన్ 9

డెలోరిస్ ఫోను చేసింది. మా జట్టుకి పెద్ద తను, పక్క కౌంటీలో టీచరుగా చేసి రిటైరైంది. నా ఫారం ఒకటి వెనక్కొచ్చిందట. స్వెన్సన్ వాళ్ళది.

"ఖాళీ అని రాశావు. ఖాళీ అని చెప్పినవాళ్ళ పేరు రాయలేదు."

"చెప్పడానికి చుట్టుపక్కల ఎవరున్నారు, జింకలా? నేనే చెబుతున్నాను."

"కరెంటు వాడుతున్నారట ఆర్డిస్ అక్కడ."

"వాడతాడు. చీకట్లో ఎలా కూర్చుంటాడు?"

"నేను ఇంకెవరినైనా పంపిస్తాను" అంది డెలోరిస్. మెత్తగా. ఆ మెత్తదనమే నాకు పడదు.

"అది నా రూటు" అన్నాను.

జూన్ 12

వాన. స్వెన్సన్ దారి ఇసక, బండి కూరుకుపోతుంది. రేపు.

జూన్ 13

రేపు.

జూన్ 15

గిన్నెలన్నీ కడిగి తిరిగి ఇచ్చేశాను. రోజంతా దానికే సరిపోయింది. ఖాళీ గిన్నె తీసుకుని నిండు గిన్నె చేతిలో పెట్టారు మళ్ళీ. ఈ జనాన్ని ఏం చెయ్యను నేను?

జూన్ 17, గురువారం

ప్రమాణం ప్రకారం ఇది రాయకూడదు. రాస్తాను. పట్టుకెళ్ళి జైల్లో వేసుకోండి.

గేటు దగ్గర నుంచే తెలిసింది. వాకిట్లో గడ్డి కోసి ఉంది. మెట్టు విరిగితే కొత్త చెక్క వేశారు. కిటికీకి తెర ఉంది, నీలం గళ్ళది. వెండెల్ తన జన్మలో కిటికీ తెర కొని ఎరగడు. తెర చూసి ముందు ఆడదాని కోసం వెతికాను. బండి ఒక్కటే ఉంది. మెట్ల పక్కన బూట్లు ఒక్క జతే. ఉన్నా బాగుండును, జుట్టు పట్టుకుని దెబ్బలాడడానికి ఒక మనిషి దొరికేది.

కుక్క పరిగెత్తుకొచ్చి నా సంచి వాసన చూసి తోకాడించింది. వెండెల్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. బిళ్ళ చూశాడు, సంచి చూశాడు.

"లోపలికి రా" అన్నాడు.

"గుమ్మంలోనే అడగాలి" అన్నాను. అలాంటి రూలేమీ లేదు.

ఫారం తీశాను. ఉన్నది ఉన్నట్టు చదవాలి, సొంత మాటలు కలపకూడదు; ఏ ఇంటికైనా ఏప్రిల్ ఒకటినాటి లెక్కే. చదివాను. "ఏప్రిల్ ఒకటో తారీఖున ఈ ఇంట్లో మీరు ఎంతమంది ఉంటున్నారు?"

"మీరు ఏంటి ఆర్డిస్."

"అలాగే ఉంది ఇందులో. చెప్పండి."

తల గోక్కున్నాడు. దిబ్బల వైపు చూశాడు. "ఒకళ్ళం."

"ఏప్రిల్ ఒకటి ఈనే కాలం. నువ్వు పని మీద ఉన్నావు. పని మీద ఉన్నవాణ్ణి ఇంటి దగ్గర లెక్కెయ్యాలి, రూలు."

"అలాగైతే నీ ఇష్టం, రాసుకో."

"నా ఇష్టం కాదయ్యా. నువ్వు చెప్పాలి, నేను రాయాలి. నువ్వు చెప్పింది తప్ప నేను రాయకూడదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ నుంచి నీ బదులు నేనే చెబుతూ వచ్చాను. డాక్టరు దగ్గర నీ నొప్పి నేనే చెప్పాను. సంతలో నీ ఆవుల బేరం నేనే చెప్పాను. ఇది మాత్రం నువ్వే చెప్పాలి."

"చెప్పానుగా. ఒకటి."

రాశాను. పేరు రాశాను, అడగలేదు. పుట్టిన తారీఖు కూడా నేనే వేసి చూపించాను, తలూపాడు. తర్వాతి ప్రశ్న చదివాను. "మీరు పురుషుడా, స్త్రీయా?"

"ఆర్డిస్."

"అడగాలి. అడక్కుండా రాస్తే డెలోరిస్ వెనక్కి పంపుతుంది."

"మగాణ్ణి" అన్నాడు. నవ్వు రాబోయింది ఆయనకి. నాకూ వచ్చేది, ఇంకెక్కడైనా అయితే.

"ఎందుకు వెండెల్?" అన్నాను. అది ఫారంలో లేదు.

జవాబు కోసం కష్టపడ్డాడు. చూస్తుంటే నాకే చెప్పెయ్యాలనిపించింది ఆయన బదులు. అలవాటు. పళ్ళు బిగపట్టుకుని నిలబడ్డాను. చివరికి, "ఇక్కడ చప్పుడుండదు" అన్నాడు.

"నేను చప్పుడా?"

"అలా అనలేదు."

"అన్నావు."

కాదనలేదు.

తర్వాతి ప్రశ్న. "ఈ మనిషి అప్పుడప్పుడు వేరే చోట కూడా ఉంటారా? చదువు కోసం, సైన్యంలో, జైల్లో, ఆసుపత్రిలో, రెండో ఇంట్లో, మరే కారణం చేతనైనా?" నిదానంగా చదివాను, ఒక్కొక్కటీ. రెండో ఇంట్లో అన్న దగ్గర ఆగాను కూడా. ఆగకూడదు, ఆగాను. ఆయన బట్టలు సగం మా బీరువాలోనే ఉన్నాయి. ఆయన మంచం అక్కడే ఉంది. హార్లన్‌తో అంత గట్టిగా దెబ్బలాడినదాన్ని, వెండెల్ మంచం పట్టుకుని వేళ్ళాడుతూ నిలబడ్డాను.

"లేదు" అన్నాడు.

ఇల్లు గురించి చివరి ప్రశ్న. అప్పు చేసి కొన్నదా, అప్పు లేని సొంతమా, అద్దెదా, అద్దె లేకుండా ఉంటున్నారా. ఆయన చెప్పేలోపే నాలుగో గడి నింపేశాను. అద్దె లేకుండా ఉంటున్నాడు, డెన్వర్ ఆవిడ ఇల్లది, ఎప్పుడైనా పొమ్మనొచ్చు.

"సొంతం" అన్నాడు. "అప్పు లేదు. ఏప్రిల్‌లో కొన్నాను ఆర్డిస్. చెబుదామనే అనుకున్నాను."

నాలుగో గడి చెరిపి రెండో గడి నింపాను. రబ్బరుతో గట్టిగా రుద్దితే కాగితం కొంచెం లేచింది. ఫారం మడతపెట్టకూడదు గనుక సంచిలో జాగ్రత్తగా పెట్టుకున్నాను. ప్రభుత్వం తరఫున ధన్యవాదాలు చెప్పాలి, చెప్పాను.

గేటు తనే వచ్చి తీసి, తనే వేశాడు. చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. ఇక్కడ చెయ్యి ఊపకుండా ఎవరూ వెళ్ళరు.

జూన్ 18

పనికి వెళ్ళలేదు.

జూన్ 21

ఊరందరికీ తెలుసు. నేలా ఇల్లూ చేతులు మారితే కోర్టు కచేరీలో రాస్తారు, కచేరీలో రాసింది వీలాక్ వారపత్రికలో రెండో పేజీలో వేస్తారు. ఎవరు ఎవరికి అమ్మారో అంతా. ఈ కౌంటీలో చావుల తర్వాత జనం చదివేది అదే. గిన్నెలన్నీ అందుకే.

ట్విలా హోటలుకి వెళ్ళి అడిగేశాను. "నువ్వు చెప్పొచ్చు కదా" అన్నాను.

"నీకు తెలుసనుకున్నాం. పేపర్లో పడింది కదా."

"నాకెవరు చెప్పారు?"

"ఏ గురువారమైనా పేపరు ముందు నీ చేతిలోంచే కదా నా చేతిలోకి వచ్చేది ఆర్డిస్. ఆ వారం నువ్వు ఇక్కడే, ఈ కుర్చీలోనే కూర్చుని చదివావు. చదివి, మడతపెట్టి, నా కాఫీ పాచిపోయిందని అరిచి వెళ్ళావు."

అబద్ధమని దెబ్బలాడి వచ్చాను. ఆ వారం పేపరు నా కంటపడలేదన్నాను. నా పేరున పోస్టులో వచ్చే కాపీ కూడా రాలేదన్నాను.

వచ్చింది. రెండుసార్లు చదివాను, ఒకసారి హోటల్లో, ఒకసారి ఇంట్లో. మూడో వరసలో ఉంది. చదివి పొయ్యిలో పెట్టాను. ఆ తర్వాత ఇన్నాళ్ళూ దూడల గురించి రాసుకుంటూ కూర్చున్నాను, ఇక్కడ కూడా, నాకు తప్ప ఇంకెవరికీ కనపడని ఈ పుస్తకంలో కూడా. ఎవరిని మోసం చేద్దామని? సిగ్గేస్తోంది.

జూన్ 29

ఉత్తరం వైపు నా వంతంతా అయిపోయింది. ఒక్క ఇల్లు మిగిలింది. సొంత ఇల్లు నేను చెయ్యకూడదు.

జూలై 6, మంగళవారం

డెలోరిస్ వచ్చింది. అరవై మైళ్ళు బండి నడుపుకుని. ఫ్రిజ్ మీది ఫారం అలాగే తీసిచ్చి పంపేద్దామనుకున్నాను గాని ఆ గడువెప్పుడో దాటిపోయింది, మనిషి వచ్చి అడిగితేనే చెల్లుతుంది. బల్ల దగ్గర కూర్చోబెట్టాను. సంచి తీసింది, పెన్సిలు తీసింది. ఫారం తెరవలేదు.

"ఆర్డిస్, నేనొక మాట చెబుతాను, కోప్పడకు."

"కోపం వస్తే వస్తుంది, చెప్పు."

"ఇద్దరని రాస్తాను. ఎవరు చూడొచ్చారు? ముప్ఫై ఎనిమిదేళ్ళ సంసారం, ఐదు నెలల్లో తేలేదేనా ఇది. రేపు కోతలయ్యాక తిరిగొస్తాడు, అప్పుడు ఇద్దరని ఎందుకు రాయలేదని నువ్వే అంటావు. పైగా మన దగ్గర మనుషులు ఎంత తక్కువున్నారో నీకు తెలుసు."

నిజంగా నా మేలు కోరే అంది. ఆశ అంటే ఎంత చెడ్డదో అప్పుడు తెలిసింది నాకు. ఒక్క క్షణం ఆ రెండు అనే అంకెని కాగితం మీద చూసుకున్నాను కూడా, గుండ్రంగా, డెలోరిస్ టీచరు చేతిరాతలో. ఇంకో పదేళ్ళ దాకా ఎక్కడో ఒక చోట మేమిద్దరం ఒక ఇంట్లో ఉంటాం. నేను తలూపితే చాలు.

"ఆయన్ని నేనే రాశాను అక్కడ" అన్నాను. "నా చేత్తో. ఫారం చదువు డెలోరిస్. ఉన్నది ఉన్నట్టు చదువు."

చదివింది. ఏప్రిల్ ఒకటో తారీఖున ఈ ఇంట్లో మీరు ఎంతమంది ఉంటున్నారు?

"ఒకళ్ళు."

పెన్సిలు కదల్లేదు.

"ఒకటి రాయి" అన్నాను. "ఒకటి రాయడానికి ఎంతసేపు?"

రాసింది. తల ఎత్తకుండా తర్వాతిది చదివింది. ఈ లెక్కలో చేరనివాళ్ళు ఇంకెవరైనా ఆ రోజున ఇక్కడ ఉన్నారా, పసిపిల్లలు గాని, చుట్టాలు గాని, ఉండడానికి వేరే చోటు లేనివాళ్ళు గాని?

ఈ ప్రశ్న నేను అరవై గుమ్మాల్లో అడిగాను. ఇంత పొడుగు ప్రశ్న అని ఎప్పుడూ తోచలేదు.

"లేరు" అన్నాను, ఏడుపు వచ్చేసింది. ఫిబ్రవరి నుంచి రానిది, బల్ల మీద చేతులు పెట్టుకుని, దాచుకోకుండా, గట్టిగా. డెలోరిస్ పెన్సిలు కింద పెట్టి నా పక్కకి రాబోయింది.

"కూర్చో" అన్నాను. "ఆపకు. ఇంకా ఎనిమిది ప్రశ్నలున్నాయి."